రక్తపోటు, సముద్రపు పోటు: మా బీపీ ఆడియోల డైరీ

నవంబరు 3

మా బీపీ యాప్ పోయింది. ఫోన్లలోంచి పోలేదు, 31 ఫోన్లలో ఇంకా కూర్చునే ఉంది. తెరిచేవాళ్లే లేరు. పోయిన రెండు వారాల్లో తెరిచింది నలుగురు. ఆ నలుగురిలో ఒకడు యాప్ చేసిన మా తమ్ముడు, ఇంకొకరు నేను.

ఇక్కడి నుంచే చదవడం మొదలుపెట్టేవాళ్ల కోసం రెండు ముక్కలు. ఒడిశాలో గోపాల్‌పూర్ నుంచి, ఋషికుల్య నది సముద్రంలో కలిసే మొగ వైపు పోయే ఇసక తీరంలో మూడు మత్స్యకార పల్లెల్లో పని చేస్తున్నాం. పేర్లు రాయను. ఒడియావాళ్లు ఇలాంటి పేటల్ని నోలియా సాహి అంటారు. ఇళ్లలో తెలుగే, శ్రీకాకుళం యాసకి దగ్గరగా ఉండే తెలుగు. 30 ఏళ్లు దాటిన ప్రతి ఒక్కరూ బీపీ చూపించుకోవాలి, ఉన్నవాళ్లు మాత్ర మానకూడదు, ఉప్పు తగ్గాలి. ఈ మూడు సంగతులూ ఫోన్ ద్వారా ఇళ్లలోకి చేరాలన్నది మా పని. మేం ముగ్గురం. నేను నర్సింగ్ చదివాను, బరంపురంలో ఉంటాను. తమ్ముడు ఫోన్ల పని చూస్తాడు. మూడో మనిషి ఊళ్లోని ఆశా కార్యకర్త, మేం దిదీ అంటాం. మేం రాసే ప్రతి ముక్కా చూసి దిద్దేది రిటైరైన ఒక డాక్టరు గారు. డబ్బు మాదే, కొంత చుట్టాలది.

"తెలుగులో యాప్" అని గొప్పగా చెప్పుకుని తిరిగాం. తప్పంతా అక్కడే ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు ఈ గంజాం జిల్లా ఇటు వచ్చింది. ఈ పల్లెల పిల్లలు చదివేది ఒడియా బడిలో. నోట్లో తెలుగు, పలక మీద ఒడియా. మా అమ్మమ్మ కూర్చోబెట్టి దిద్దించింది కాబట్టి నాకు తెలుగు అక్షరాలు వచ్చాయి, లేకపోతే నేనూ అంతే. కుర్రాళ్లు ఒకళ్లకొకళ్లు ఫోన్లో తెలుగే టైపు చేసుకుంటారు కానీ ఇంగ్లీషు అక్షరాల్లో. ఒక కోడలు పిల్ల యాప్ చూసి అంది: "బొమ్మలు బావున్నాయక్కా. రాసిందేటో మా మావయ్యకీ రాదు, నాకూ రాదు."

ఒడియా లిపిలోకి మారుద్దాం అన్నాడు తమ్ముడు. మారిస్తే కుర్రాళ్లు చదువుతారు. కుర్రాళ్లకి బీపీ లేదు.

నవంబరు 9

ఎస్సెమ్మెస్ దారి కూడా చూశాం. మూకుమ్మడిగా పంపాలంటే టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం పంపేవాళ్ల పేరు, పంపే వాక్యం రెండూ డీఎల్‌టీ అనే నమోదు వ్యవస్థలో ముందే నమోదు చేయించాలి. సంస్థ కాగితాలు కావాలి. మాకు సంస్థే లేదు. పైగా మళ్లీ అక్షరాలే కదా. వదిలేశాం.

గొంతు ఒక్కటే మిగిలింది. ఇది మా తెలివేం కాదు. గర్భిణులకి, బాలింతలకి ప్రభుత్వం పంపే కిల్కారి ఫోన్లు 2016 నుంచి అలాగే నడుస్తున్నాయి. వారానికొక ఫోను, మొత్తం 72 కబుర్లు, నాలుగో నెల నుంచి బిడ్డకి ఏడాది నిండే వరకు. అవతలి మనిషికి చదువు రానక్కర్లేదు, స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, ఎత్తితే చాలు. ఇటు ఛత్తీస్‌గఢ్ అడవుల్లో సీజీనెట్ స్వర వాళ్లు 2010లోనే ఇంకో అడుగు వేశారు. అక్కడ ఊరివాళ్లే ఫోన్ చేసి తమ కబురు తమ భాషలో రికార్డు చేస్తారు. ఈ రెండింటిలో మనం ఎటువైపు అని తమ్ముణ్ణి అడిగాను. "ముందు మనం చెప్పేది విననీ, తర్వాత చూద్దాం" అన్నాడు. సరే.

నవంబరు 17

మొదటి మూడు ఆడియోలు అయ్యాయి. ఒక్కోటి 90 సెకన్లు. బయట గాలి హోరుకి మాట వినబడదు, ఇంట్లో కుక్కర్ కూత. చివరికి మంచం మీద బొంత కప్పుకుని, చెమటలు కక్కుకుంటూ రికార్డు చేశాను. నా గొంతు విని దిదీ మొహమాటపడకుండా చెప్పేసింది: బడిలో పంతులమ్మ పాఠం చెప్పినట్టుంది, ఎవడూ వినడు.

కాబట్టి గొంతు మార్చాం. ఎండు చేపల గంప నెత్తిన పెట్టుకుని ఛత్రపురం దాకా అమ్ముకొచ్చే ఒక అత్త ఉంది. కాగితం చదవలేదు కాబట్టి సంగతి నేను చెబుతాను, ఆవిడ తన మాటల్లో చెబుతుంది. మొదటిసారికే ఒప్పింది. డబ్బులు వద్దంది, రీచార్జి చేయించమంది.

"రక్తపోటు" అనే మాట దగ్గర ఆగాం. పుస్తకం మాట అనుకున్నాను. అత్త నవ్వింది. "పోటంటే తెల్దేటి మాకు? దినానికి రెండుసార్లు సూత్తాం." సముద్రపు పోటు! ఇంత సొగసైన పోలిక చేతికి దొరికితే వదులుతామా. ఆడియో అలాగే మొదలుపెట్టాం: సముద్రానికి పోటు వచ్చినట్టే నెత్తుటికీ పోటు వస్తుంది, అది గట్టుని కొట్టినట్టు గుండెనీ మెదడునీ మూత్రపిండాలనీ కొడుతుంది. డాక్టరు గారు కూడా బాగుందన్నారు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు సంతోషంతో. ఈ వాక్యం గుర్తుపెట్టుకోండి, జనవరిలో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

నవంబరు 25

వాట్సాప్‌లో గ్రూపు కాకుండా బ్రాడ్‌కాస్ట్ పెట్టాం. గ్రూపైతే మధ్యలో గుడ్ మార్నింగ్ పువ్వులు, క్రికెట్, తగువులు. బ్రాడ్‌కాస్ట్‌లో మనం పంపింది ఎవరికి వారికి విడిగా వెళ్తుంది. ఒక జాబితాలో 256 మంది దాకా పెట్టొచ్చు. కానీ మెలిక ఏంటంటే, అవతలివాళ్లు మన నంబరు తమ ఫోన్లో సేవ్ చేసుకుని ఉండాలి. లేకపోతే వెళ్లదు, వెళ్లలేదని చెప్పదు కూడా. మొదటి ఆడియో 90 మందికి పంపాననుకున్నాను. అందింది 11 మందికి.

అందుకని మూడు సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి, ఒక్కొక్క ఫోనూ చేతికి తీసుకుని, నా నంబరు సేవ్ చేయించాం. ఏ పేరుతో చేయమంటారంటే అందరూ ఒకటే చెప్పారు. ఇప్పుడు 83 ఫోన్లలో నా పేరు "బీపీ పాప".

డిజిటల్ అనుకుంటాం గానీ, ఈ ప్రాజెక్టులో ఇప్పటిదాకా అన్నిటికన్నా ఎక్కువ అరిగింది చెప్పులు.

డిసెంబరు 8

నీలం మైకుల లెక్క. వాయిస్ మెసేజ్ అవతలివాళ్లు ప్లే చేస్తే పక్కన చిన్న మైకు బొమ్మ నీలంగా మారుతుంది. నీలం టిక్కులు కనబడకుండా ఆపుకున్నవాళ్లది కూడా ఇది మాత్రం తెలిసిపోతుంది. మూడో ఆడియోకి 83లో 58 నీలం. తమ్ముడు గ్రాఫ్ గీశాడు. ఎగిరి గంతేశాం.

మర్నాడు ఆ 58లో పది ఇళ్లకి వెళ్లి ఏం విన్నారో అడిగాను. ఆరు ఇళ్లలో ప్లే చేసింది పిల్లలు. ఫోన్ ఉండేది వాళ్ల చేతిలోనే. ఆటలో పాయింట్లు గెలవడానికో వీడియోకో ఫోన్ పట్టుకుంటారు, మధ్యలో మా ఆడియో వస్తే నొక్కి ఆపేస్తారు. ఇంకో రెండు ఇళ్లలో ఫోన్ మగాడిది, ఆయన చెన్నైలో బోటు మీద ఉన్నాడు. నీలం అయింది చెన్నైలో. ఇక్కడ 60 ఏళ్ల వాళ్లమ్మకి మేం ఉన్నట్టే తెలియదు.

గ్రాఫ్ చింపేయలేదు. గోడకి అంటించాం, దిష్టిబొమ్మలాగా.

డిసెంబరు 21

గుడి మైకులో వేద్దామన్నది దిదీ ఆలోచన. మూడు పల్లెలకీ మైకులున్నాయి. పెద్దల దగ్గర కూర్చుని అడిగాం. టీ ఇచ్చారు, మర్యాదగా విన్నారు, కుదరదన్నారు.

కారణం వినేసరికి నేను నోరెత్తలేదు. ఈ మైకు మోగేది మూడింటికే. చావు కబురుకి, ఊరి కూడికకి, తుపాను హెచ్చరికకి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ ఇక్కడ గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. ఆ ముందు రోజు ఈ మైకే ఊరినంతా ఖాళీ చేయించింది. "వేళ కాని వేళ మైకు కొరకొరమంటే ముసిలోల్లు మూట కట్టేత్తారమ్మా" అన్నాడు ఒక తాత. అందులో ఉప్పు తగ్గించండి అని మేం మోగిస్తే, రేపు నిజంగా గాలొచ్చినప్పుడు ఎవరు లేస్తారు?

అడగకుండా వేసి ఉంటే ఎంత తప్పు చేసేవాళ్లమో.

జనవరి 12

ఇది కాస్త వివరంగా రాయాలి.

నవంబరు, డిసెంబరు నెలల్లో ఇళ్ల దగ్గర బీపీ చూశాం. 140/90 దాటినవాళ్లు మొదటి చూపులో 46 మంది. వేరే రోజు మళ్లీ చూస్తే 33. ఒక్కసారి చూసి బీపీ ఉందని ముద్ర వేయకూడదు. వేరువేరు రోజుల్లో రెండుసార్లు ఎక్కువ ఉంటేనే అని డాక్టరు గారి ఆజ్ఞ, డబ్ల్యూహెచ్ఓ చెప్పేదీ అదే. ఆ 33 మందీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లారు, మాత్రలు మొదలయ్యాయి. ఒడిశాలో నిరామయ పథకం కింద మాత్రలు ఉచితమే. ఖర్చు అడ్డం కాదు.

ఈ వారం దిదీ చుట్టి వచ్చి చెప్పిన లెక్క: 33లో 19 మంది మాత్ర ఆపేశారు.

మాత్ర ఆపడం కొత్త సంగతేం కాదు. ప్రపంచంలో 30 నుంచి 79 ఏళ్ల మధ్య 128 కోట్ల మందికి బీపీ ఉందనీ, వాళ్లలో సగానికి దగ్గరగా ఉన్నవాళ్లకి ఆ సంగతే తెలియదనీ, అదుపులో ఉన్నది ఐదుగురిలో ఒక్కరికేననీ 2019 నాటి డబ్ల్యూహెచ్ఓ లెక్క. నన్ను తొలిచింది వేరే. ఆపేసినవాళ్లు మా ఆడియో విననివాళ్లు కాదు. చాలామంది విన్నారు. అత్త గొంతు భలే ఉందన్నారు.

ఒక తండేలు మావయ్య ఇంటికి వెళ్లాను. యాభై దాటిన మనిషి, బోటు మీద ఏడుగుర్ని నడిపిస్తాడు, అమాయకుడేం కాదు. డిసెంబరులో 172/104. మాత్ర వేసుకున్నాక 138. ఆపేసి పది రోజులైంది.

"ఎందుకు ఆపేశారు మావయ్యా?"

"తగ్గిపోయినాది గదే పాపా."

"తగ్గింది మాత్ర వల్ల కదా. ఆపితే మళ్లీ పెరుగుతుంది."

ఆయన నావైపు జాలిగా చూశాడు. "నువ్వే సెప్పినావు గదా ఫోన్లో, నెత్తురికి పోటొచ్చినాదని. పోటొచ్చినాక ఆటు రాదేటి? ఏ పోటైనా ఆరు గంటలుంటాది, దిగిపోద్ది. పోటు మీదున్నప్పుడు ఏసుకున్నాను. దిగిపోయినాది. మల్లీ పోటొచ్చినప్పుడు ఏసుకుంటాను."

నాకు నోట మాట రాలేదు. ఆయన మా ఆడియోని మర్చిపోలేదు. మాకన్నా బాగా అర్థం చేసుకున్నాడు. పోటు గురించి ఆయనకి తెలిసిందంతా దానికి కలుపుకున్నాడు, మాకు తెలిసింది సగమే. పోటు అంటే మాకు ఎగసిపడే నీళ్లు. ఆయనకి పోటు అంటే దిగిపోయేది. రోజుకి రెండుసార్లు, తప్పకుండా, ఎవరూ ఏమీ చేయక్కర్లేకుండా దిగిపోయేది.

ఇంకో నాలుగు ఇళ్లు తిరిగాను. ముగ్గురు అదే మాట, కొద్దిగా అటూ ఇటూ. ఒకావిడ అమావాస్యకీ పున్నానికీ మాత్రం వేసుకుంటోంది, ఆ రోజుల్లో పోటు పెద్దది కాబట్టి.

రాత్రి డాక్టరు గారికి ఫోన్ చేశాను. కాసేపు ఏం మాట్లాడలేదు ఆయన. "నలభై ఏళ్లు రక్తపోటు అనే మాట వాడానమ్మా, ఒక్కరోజు కూడా దాన్ని వినలేదు" అన్నారు.

జనవరి 19

పాత ఆడియో వెనక్కి తీసుకోవడం మన చేతిలో లేదు. ఒకసారి ఫోన్లలోకి దిగాక దిగినట్టే. తప్పు చెప్పామని ఒప్పుకుంటూ కొత్తది చేశాం. అత్తే చెప్పింది: "మొన్న మేం పోటన్నాం, అది తప్పు, సమించండి."

పోలిక మాత్రం మేం వెతకలేదు. తండేలు మావయ్యనీ ఇంకో నలుగురినీ వల బాగుచేసుకుంటున్న చోట కూర్చోబెట్టి, జబ్బు సంగతి మామూలుగా చెప్పాను. రక్తనాళాల్లో ఒత్తిడి ఎక్కువ, మాత్ర దాన్ని పట్టి ఉంచుతుంది, నయం చేయదు, మాత్ర ఆగితే ఒత్తిడి మళ్లీ మొదటికి వస్తుంది. మరి దీన్ని మీరైతే ఎలా చెబుతారు?

చాలాసేపు ఎవరూ ఏమీ అనలేదు. తర్వాత ఒక ముసలాయన వల మీంచి తల ఎత్తకుండానే అన్నాడు: "తెప్ప ఊట." పాత చెక్క పడవ అడుగున ఊట ఉంటుంది. నీళ్లు వస్తూనే ఉంటాయి, తోడుతూనే ఉండాలి. అడుగు పొడిగా ఉందంటే ఊట పోయిందని కాదు, ఎవడో తోడుతున్నాడని. పొడిగా ఉంది కదా అని తోడడం ఆపేసినవాడు ఎక్కడుంటాడు?

అందరూ నవ్వారు. ఎక్కడుంటాడో వాళ్లకి తెలుసు.

ఈసారి పంపే ముందు పరీక్ష పెట్టాం. 12 మందికి వినిపించి, "అర్థమైందా" అని అడగడం మానేసి, "ఇప్పుడు ఇది మీ వదినకి ఎలా చెబుతారో చెప్పండి" అన్నాం. అర్థమైందా అంటే ఎవరైనా అయిందనే అంటారు, మన ఊళ్లలో అది మర్యాద. 12లో పది మంది సరిగ్గా చెప్పారు. ఒకరు అంతా చెప్పి, చివర్లో "మరి తోడిన నీరు ఎటు పోతాది?" అని అడిగారు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయించే మాత్రలు కూడా ఉన్నాయి కాబట్టి ఆ ప్రశ్న అంత తప్పేం కాదని డాక్టరు గారు తెగ నవ్వారు.

ఫిబ్రవరి 6

నా తప్పు. దాచుకోకుండా రాస్తున్నాను. జనం అడిగితే ఒక పల్లెలో చిన్న గ్రూపు పెట్టాం. నేను ఒకావిడకి పంపాల్సిన బీపీ అంకెని చూసుకోకుండా ఆ గ్రూపులో పంపేశాను. రెండు నిమిషాల్లో తీసేశాను కానీ ఈలోగా పదిహేను మంది చూశారు. ఆవిడ కూతురికి సంబంధం మాట్లాడుతున్నారట. "తల్లికి జబ్బు" అన్న మాట అవతలి ఊరికి సాయంత్రానికల్లా చేరింది.

వెళ్లి కాళ్ల మీద పడ్డంత పని చేశాను. ఆవిడ తిట్టలేదు, లోపలికి వెళ్లిపోయింది. దిదీయే మగపిల్లాడి ఇంటికి వెళ్లి, బీపీ అంటే ఏంటో చెప్పి, వాళ్ల నాన్నకి కూడా చూసి వచ్చింది. ఆయనకి 150 పైన ఉంది. సంబంధం నిలబడింది, మా పుణ్యాన కాదు.

ఆ రోజు నుంచి అంకెలు ఫోన్లో పంపడం లేదు. కాగితం కార్డు, చేతికి. తమ్ముడు గొణిగాడు, గొణగనీ.

ఫిబ్రవరి 23

మొగ దగ్గర తాబేళ్లు గుడ్లు పెట్టే రోజులు. నవంబరు 1 నుంచి మే 31 వరకు ఆ పక్క సముద్రంలో వేట మీద ఆంక్షలు, పట్రోలింగు. పనుల్లేక ఊళ్లో మగాళ్లు కనబడుతున్నారు. బీపీ చూడటానికి వీలైన కాలం.

చూడటం అనుకున్నంత తేలిక కాదు. ఐదు నిమిషాలు మాట్లాడకుండా, వీపు ఆనించి, కాళ్లు నేలకి ఆనించి కూర్చోవాలి. అరగంట ముందు నుంచి టీ, పొగ ఉండకూడదు. ఒక నాయనమ్మ అడ్డపొగ వేస్తూ వచ్చింది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని, పెదాలు మూసి, అలాగే మాట్లాడుతుంది. అంగిలి కాలి పుండ్లు పడతాయి, క్యాన్సర్ దాకా పోతుంది. దాని మీద వేరే ఆడియో చేయాలి, ఎప్పటినుంచో అనుకుంటున్నాను. "ఆర్పేసి అరగంట కూర్చో నాయనమ్మా" అంటే "నిప్పు లోపలుంది, నీకు కనపడదు గదా" అంది.

వల లాగే చేతులు. మా దగ్గరున్న మామూలు పట్టీ కొందరి జబ్బకి చుట్టుకోవడమే లేదు. బలవంతంగా బిగిస్తే అంకె ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. ఆ 46 మంది 33 అవడంలో దీని వాటా కూడా ఉండొచ్చు. పెద్ద పట్టీ ఒకటి తెప్పించాలి.

ఇక్కడే ఒక మంచి సంగతి దొరికింది. ఐదు నిమిషాలు ఊరికే కూర్చోమంటే ఎవరూ కూర్చోరు, కబుర్లు మొదలు. తమ్ముడు చిన్న స్పీకర్ తెచ్చి అత్త ఆడియోలు మూడు వరసగా వేశాడు. అందరూ నోరు మూసుకుని విన్నారు. అయిపోయేసరికి దాదాపు ఐదు నిమిషాలు గడిచాయి. ఫోన్లోకి పంపితే పిల్లలు నొక్కి ఆపేసిన ఆడియోనే, కుర్చీలో కూర్చోబెట్టి వేస్తే వింటున్నారు. ఇంతకాలం మాకు తట్టనేలేదు.

మార్చి 11

ఫోన్ అంటే స్మార్ట్‌ఫోన్ అనుకోవడం మా రెండో తప్పు. గంప ఎత్తుకుని తిరిగే ఆడవాళ్ల నడుముకి ఉండేది బటన్ల ఫోను. అందులో వాట్సాప్ లేదు, కానీ అది పూర్తిగా వాళ్లదే. ఏ పిల్లాడూ ముట్టుకోడు.

వాళ్ల కోసం మిస్డ్ కాల్. నా రెండో నంబరుకి ఒక్క రింగ్ ఇచ్చి పెట్టేస్తే, నేనే తిరిగి చేసి ఆడియో వినిపిస్తాను, తర్వాత ఏమైనా అడగమంటాను. మెషీను పెట్టే స్తోమత లేదు కాబట్టి మెషీను నేనే. అన్‌లిమిటెడ్ ప్యాకే కదా. మొదటి సాయంత్రం 17 కాల్స్. అందరూ ఒకే వేళకి, అమ్మకం అయిపోయి ఇంటికి వచ్చాక, టీవీ సీరియల్ మొదలవకముందు. అమ్మ నాకు అన్నం కలిపి నోట్లో పెట్టింది ఆ రోజు.

ఆడియో వినిపించడానికి 90 సెకన్లు. తర్వాత వాళ్లు అడగడానికి పది నిమిషాలు. ఎక్కువ భాగం బీపీ గురించి కాదు. మోకాలి నొప్పి, తెల్లబట్ట, కొడుకు తాగుడు. దేనికి సమాధానం నా దగ్గరుందో, దేనికి డాక్టరు గారో, దేనికి ఎవరూ లేరో మూడు రంగుల్లో రాసుకుంటున్నాను. మూడో రంగే ఎక్కువైపోతోంది.

మార్చి 29

వెల్లుల్లి రసం తాగితే బీపీ మాత్రలు పారేయొచ్చని ఒక ఫార్వర్డ్ తిరుగుతోంది. తెల్లకోటు బొమ్మ, పైన రెండు బాణాల గుర్తు, అంటే చాలా చేతులు మారి వచ్చింది. మొన్న ఇద్దరు ఆపేశారు. అత్త ఒకటే ముక్కలో తిప్పికొట్టింది: "ఎల్లుల్లి పులుసులో ఏసుకో, మాత్ర నోట్లో ఏసుకో." 9 సెకన్లు. ఇప్పటిదాకా మేం పంపినవాటిలో జనం తమంతట తామే వేరేవాళ్లకి పంపుకున్నది ఇదొక్కటే.

ఏప్రిల్ 20

15 నుంచి వేట నిషేధం. జూన్ 14 వరకు, 61 రోజులు. చెన్నై నుంచి, పరదీప్ నుంచి మగాళ్లందరూ వచ్చారు. మూడు పల్లెలూ నిండుగా ఉన్నాయి, జేబులు ఖాళీగా ఉన్నాయి.

ఉప్పు ఆడియో మీద నాకూ డాక్టరు గారికీ మాటా మాటా. రోజుకి 5 గ్రాములలోపు, అంటే ఒక టీ చెంచాలోపు, అందులో ఎండు చేప మానేయమని రాశారు ఆయన. ఈ రెండు నెలలూ వీళ్ల కూర ఏంటో ఆయనకి తెలియదా? పచ్చి చేప లేదు, కూరగాయ కొనడానికి డబ్బు లేదు. చద్దన్నం, ఉప్పు చేప ముక్క, అంతే. మానేయమంటే వినరు, మమ్మల్నే మానేస్తారు.

అత్త తేల్చింది. ఉప్పు పట్టించేది పెద్ద చేపకి. నెత్తళ్లు ఇసక మీద పోసి ఉట్టి ఎండకే ఎండబెడతారు, ఉప్పు వెయ్యరు. "ఉప్పు సేపకి బదులు నెత్తళ్లు ఒండుకోమని సెప్పు. ఉప్పు సేపే ఒండితే రాత్రి నీళ్లలో ఏసి, పొద్దున్న ఆ నీళ్లు పారబోసి ఒండమను." డాక్టరు గారు ఒప్పుకున్నారు. నానబెడితే ఉప్పంతా పోదు, కొంత పోతుంది, ఆ మాట కూడా చెప్పమన్నారు. చెప్పాం.

మే 18

ఎండ మండిపోతోంది. నెట్‌వర్క్ మధ్యాహ్నం ఉండదు, కరెంటుతోపాటే పోతుంది.

లెక్క మార్చాం. ఎంతమంది విన్నారన్నది ఇక రాయం. ఎవరు రాలేదన్నది రాస్తాం. 2017లో మొదలైన ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అనే బీపీ కార్యక్రమంలో చేసేది ఇదేనని డాక్టరు గారు చెప్పారు. నర్సు చేతిలో సింపుల్ అనే యాప్ ఉంటుందట, ఈ నెల రావాల్సి ఉండి రానివాళ్ల జాబితా అది తీసి ఇస్తుంది, వాళ్లకి ఫోన్ వెళ్తుంది. యాప్ ఉండాల్సింది రోగి ఫోన్లో కాదు, మన ఫోన్లో. తమ్ముడు ఈ మాట విని ఒక పూట అన్నం సరిగా తినలేదు. పాత యాప్‌ని విప్పి, మా ముగ్గురి కోసమే మళ్లీ కడుతున్నాడు. మూడు పేజీలే. పేరు, చివరగా ఎప్పుడు వచ్చారు, ఎవరు వెళ్లి అడగాలి.

ఈ నెల: 33లో 24 మంది మాత్రలు తెచ్చుకున్నారు. రానివాళ్లు తొమ్మిది. వాళ్లలో నలుగురికి చెన్నై నుంచి తెచ్చుకున్న మాత్రలున్నాయి, ఖాళీ షీటు ఫోటో తీసి పంపారు. ఇద్దరు కోపంగా ఉన్నారు, ఒకరు ఎందుకో చెప్పరు. ఇద్దరు దొరకలేదు. తండేలు మావయ్య 24లో ఉన్నాడు.

జూన్ 12

ఎల్లుండితో నిషేధం అయిపోతుంది. పడవలకి రంగులు, వలలకి తాళ్లు, గంగమ్మకి పూజ. బోటెక్కేవాళ్లకి 30 రోజుల మాత్రలు సరిపోవు, రెండు నెలలకి ఇవ్వమని అడిగితే ఇచ్చారు. వాటిని ఉప్పు గాలికి తడవకుండా ఎక్కడ పెట్టాలన్నది ఒక పూటంతా చర్చ. చివరికి మూత బిగుతైన కొబ్బరినూనె సీసా, కడిగి ఎండబెట్టింది. అది మేం చెప్పింది కాదు.

జూన్ 17

తెల్లవారుజామున 4:40కి తండేలు మావయ్య నుంచి వాయిస్ మెసేజ్. 22 సెకన్లు. ఇంజిను హోరు, మధ్యలో ఎవరో కేక, ఆయన గొంతు: "పాపా, నిన్న రాత్రి మాత్ర మర్సిపోనాను, వల మీదున్నాం. ఇయాల రెండు ఏసుకోమంటావేటి?"

ఏడు నెలలు. 26 ఆడియోలు. ఈ ప్రశ్నకి జవాబు ఒక్కదాంట్లోనూ లేదు. వేసుకోవడం, మానకపోవడం, ఆపకపోవడం అన్నీ చెప్పాం. ఒకరోజు మర్చిపోతే ఏం చేయాలో చెప్పలేదు. మనిషన్నాక మర్చిపోతాడని మాకు తోచలేదు.

డాక్టరు గారిని లేపి అడిగి, 4:52కి జవాబు పంపాను: రెండు వద్దు మావయ్యా, ఎప్పుడూ వేసుకునే వేళకి ఒక్కటే వేసుకోండి.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు. ఇంకా ఒక్క టిక్కే ఉంది.